ఆరోగ్యశ్రీల నర్సింగుకి, ఫిజియోథెరపీకి ఎవరు రాసియ్యాలె, ఎవరిని అడగాలె

మా నాయినకు పెరాలసిస్ వచ్చినప్పుడు దవాఖానల పదకొండు రోజులున్నం. ఆ పదకొండు రోజులల్ల అందరినీ అడిగిన గానీ అడగాల్సిన మనిషిని అడగలే. కౌంటర్ కాడ ఆరోగ్యమిత్రను బతిమిలాడిన, వార్డుల సిస్టర్లను బతిమిలాడిన, ఇంటికి పోయినంక కాలు చెయ్యి ఎవరు ఆడిపిస్తరు, ముక్కు పైపు ఎవరు మారుస్తరు అని. మా చేతుల లేదు అన్నరు వాళ్లు, నిజంగనే వాళ్ల చేతుల లేదు. అది రాసియ్యాల్సిన డాక్టరు మాత్రం రోజూ పొద్దున రౌండ్స్‌కి మా బెడ్డు కాడికి వచ్చి పోతనే ఉండె. పరకాల, నర్సంపేట, ములుగు దిక్కు నుంచి పేషెంట్‌ను తీస్కొని వరంగల్ వచ్చేటోళ్లకు మా లెక్క కావొద్దని రాస్తున్న, కొంచెం పొడుగైతది, ఓపికతోటి చదువుండ్రి.

ముందుగాల ఎవరి పని ఏందో తెలుసుకోండ్రి. ఆరోగ్యమిత్ర అంటే నెట్‌వర్క్ దవాఖానల, అంటే ఆరోగ్యశ్రీ నడిచే దవాఖానల, హెల్ప్ డెస్క్ కాడ కూసునే మనిషి, మన ఆహార భద్రత కార్డు చూసి రిజిస్టర్ చేస్తరు, ఏ కాగితం తక్కువుందో చెప్తరు, అంతే, అప్రూవ్ చేసుడు గానీ రిజెక్ట్ చేసుడు గానీ వాళ్ల పని కాదు కాబట్టి వాళ్ల మీద కోపానికి పోయి లాభం లేదు. మనిషికి ఏ ట్రీట్‌మెంట్ కావాలో తేల్చేది చూసే డాక్టరు. ఆ డాక్టరు రాసినదాన్ని, స్కానింగు, రిపోర్టులు అన్నీ కలిపి ఆన్‌లైన్ల పెట్టేది మెడ్కో, అంటే ఆ దవాఖానల ఆరోగ్యశ్రీ కేసులు చూసుకునే డాక్టరు. అక్కడి నుంచి అది హైదరాబాదుల ఆరోగ్యశ్రీ ట్రస్టుకు పోతది, ట్రస్టు డాక్టర్లు చూసి ఓకే చేస్తరు. దీన్నే అందరు ప్రీఆత్ అంటరు. పెద్ద సంతకం అంటే అదే, కానీ ఆ సంతకం పడాలంటే కింద మన డాక్టరు రాసింది గట్టిగ ఉండాలె.

రోజుకొకసారి ఆరోగ్యమిత్రను ఒక్క మాట అడుగుండ్రి, ప్రీఆత్ అప్రూవ్ అయ్యిందా, క్వెరీ ఏమన్న పడ్డదా అని. క్వెరీ అంటే ట్రస్టోళ్లు ఇంకో రిపోర్టో ఫోటోనో అడిగిండ్రన్నట్టు. దానికి జవాబు పెట్టాల్సింది దవాఖానోళ్లు, మనం కాదు. మాకు రెండు రోజులు గట్లనే ఆగింది, సీటీ స్కాన్ ఫిల్ము అప్‌లోడ్ కాలేదంట, మేం అడిగేదాక ఎవరు చూడలే. ఇగ ఎమర్జెన్సీల తీస్కపోతే ఇదంతా అయ్యేదాక మనిషిని బయట ఆపొద్దు, దవాఖానోళ్లు ఫోన్ మీద ట్రస్టుకు చెప్పి అప్రూవల్ తీస్కొని ట్రీట్‌మెంట్ మొదలువెట్టే పద్ధతి ఉన్నది, కాగితాలు తర్వాత పెట్టొచ్చు. కార్డు ఇంటికాడ మర్చిపోయి వచ్చినా అర్ధరాత్రి దాని కోసం ఊరికి ఉరకొద్దు, ముందు మనిషిని చూస్కోండ్రి.

వార్డుల ఉన్నన్ని రోజులు నర్సింగుకి వేరే అనుమతి అక్కర్లేదు, బెడ్డు, సిస్టర్లు, డాక్టరు, మందులు, తిండి అన్నీ ప్యాకేజీలనే. ఫిజియో మాత్రం డాక్టరు కేస్ షీట్ల రాస్తేనే బెడ్డు కాడికి వస్తడు. మాకు నాలుగో రోజు దాక ఎవరు రాలే, ఎందుకంటే రాయలే. రౌండ్స్‌ల డాక్టరు ముందట నిలబడి, సార్ ఫిజియో ఎప్పటినుంచి మొదలువెట్టాలె, రాస్తరా అని అడిగితే ఆ సాయంత్రమే వచ్చిండు. పెరాలసిస్‌ల మొదటి రోజులు, వారాలు చాలా విలువైనయి, అందుకే ఈ ముక్క ఇంత గట్టిగ చెప్తున్న.

ఇప్పుడు అసలు సంగతి, డిశ్చార్జి. 2023 డిసెంబర్ 9 నుంచి మన తెలంగాణల ఆరోగ్యశ్రీ కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాక చేసిండ్రు, మంచిదే, కానీ ఆ పైసలు దవాఖానల చేసే ట్రీట్‌మెంట్‌కు. ఇంటికాడ రోజూ నర్సును పెట్టుకుంటే దాని జీతం ఆరోగ్యశ్రీ ఇయ్యది. డిశ్చార్జి అప్పుడు పది రోజుల మందులు ఇయ్యాలె, కొన్ని ఆపరేషన్లకు, జబ్బులకు ఏడాది ఫాలోఅప్ కూడ ఉంటది, మీ కేసు అందుల ఉన్నదా లేదా అని పోయే ముందే ఆరోగ్యమిత్రను అడుగుండ్రి. మిగిలింది సర్కారు దవాఖానలల్ల, ఊర్లె ఏఎన్ఎం, అంటే సర్కారు నర్సమ్మ, తోటి ఫ్రీగ చేయించుకోవచ్చు, కానీ వాళ్లు ముందుగాల అడిగేది డాక్టరు ఏం రాసిండు అనే.

మా డిశ్చార్జి కాగితంల ఫిజియోథెరపీ చేయించండి అని ఒక్క లైనే ఉండె. దాన్ని పట్టుకొని పోతే ఎన్ని వారాలు, ఏ ఎక్సర్‌సైజు, నిలబెట్టొచ్చా వద్దా అని అడిగిండ్రు, నాకేం తెలుసు. మళ్ల వరంగల్ ఉరుకుడు, మళ్ల ఓపీ చీటీ, ఒక రోజు కూలి పోయింది. అందుకే డిశ్చార్జి ఇంకా ఒక రోజు ఉన్నదనంగనే డాక్టరుతోటి వివరంగ రాయించుకోండ్రి. వారానికి ఎన్నిసార్లు, ఎన్ని వారాలు ఫిజియో కావాలె, ముక్కు పైపు ఏ తేదీన మార్చాలె, యూరిన్ పైపు ఏ తేదీన తియ్యాలె, పుండ్లు ఉంటే డ్రెస్సింగు ఎన్ని రోజులకోసారి, నోటితోటి తినిపియ్యొచ్చా, మళ్ల ఎప్పుడు చూపియ్యాలె. కింద సంతకం, స్టాంపు, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదా చూస్కోండ్రి. సిస్టరో ఫిజియోనో నోటితోటి చెప్పింది మనకు పనికొస్తది గానీ ఇంకో దవాఖానల అది చెల్లది. ఫిజియో దగ్గర నుంచి మాత్రం ఇప్పటిదాక ఎంత కదలిక వచ్చిందో రాయించుకోండ్రి, మళ్ల చూపియ్యబోయినప్పుడు అది చూసే డాక్టరు ఇంకొన్ని వారాలు పొడిగిస్తడు.

వరంగల్‌ల సర్కారు పెద్ద దవాఖాన ఎంజీఎంల ఫిజియోథెరపీ ఉన్నది, ఆ కాగితం పట్టుకొని ఓపీ చీటీ తీస్కుంటే చాలు. రోజూ తీస్కపోవుడు కాదంటే వారానికి రెండుసార్లు పోయి ఇంట్లోళ్లు నేర్చుకోండ్రి, మా అమ్మ గట్లనే నేర్చుకున్నది, ఇప్పుడు నాకంటే మంచిగ చేపిస్తది. ఊర్లె ఏఎన్ఎంకు, ఆశా వర్కర్‌కు మొదటి రోజే చెప్పుండ్రి, దానికి ఎవరి అనుమతి అక్కర్లేదు. లేవలేని మనుషులకు, క్యాన్సర్ నొప్పితోటి ఉన్నోళ్లకు పాలియేటివ్ కేర్ టీములు ఇంటికి వస్తయి, నర్సు వస్తది, పుండ్లు కడుగుతది, పైపులు చూస్తది. నొప్పికి మార్ఫిన్ లాంటి గోలీలు మాత్రం డాక్టరు రాస్తేనే ఇస్తరు. మా ఊరి ఆర్ఎంపీ, అంటే డాక్టరు చదువు లేకుండ ఊర్లె వైద్యం చేసేటాయన, మంచి మనిషి, రాత్రి పిలిచినా వచ్చి బీపీ చూస్తడు, కానీ ఆయన రాసిన చీటీ ఏ స్కీముకు పనికిరాదు, ముక్కు పైపు గిట్ల ఆయనతోటి ఏపియ్యొద్దు, పైపు ఊపిరితిత్తులల్లకు పోతే పానం మీదికొస్తది.

చిన్నపిల్లలు ఉన్నోళ్లకు తొవ్వ వేరే. నడక రాని, మాట రాని పిల్లలను అంగన్వాడీలల్ల, బడులల్ల ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు స్కీము టీము డాక్టర్లు చూసి జిల్లా సెంటర్‌కు రాస్తరు, థెరపీ అక్కడ. మండలాలల్ల ఇసొంటి పిల్లల కోసం భవిత సెంటర్లున్నయి, అక్కడికి ఫిజియో వచ్చిపోతడు, బడి సార్‌ను అడిగితే ఏ రోజో చెప్తడు.

మా చిన్నాయిన కొడుకు డల్లాస్‌ల ఉంటడు, వాళ్ల అత్తమ్మకు అక్కడ మెడికేర్, అంటే ముసలోళ్లకు అమెరికా సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా, ఉన్నది. తుంటి ఆపరేషన్ అయినంక నర్సు, ఫిజియో ఇంటికే వచ్చిండ్రంట. అక్కడ కూడ 2020 దాక డాక్టరు సంతకమే కావాల్సి ఉండె, ఆ ఏడు కేర్స్ యాక్ట్ అని చట్టం తెచ్చి నర్స్ ప్రాక్టీషనర్లు, ఫిజీషియన్ అసిస్టెంట్లు, అంటే డాక్టర్లు కాకున్నా ఎక్కువ చదువుకొని పేషెంట్లను చూసేటోళ్లు, కూడ ఇంటి సేవలకు రాసియ్యొచ్చన్నరు. పేషెంట్‌ను ముఖాముఖి చూడాలె, అది సేవలు మొదలయ్యే ముందు 90 రోజులల్ల గానీ మొదలైనంక 30 రోజులల్ల గానీ జరగాలె. మన దగ్గర కూడ పల్లె దవాఖానలల్ల మంచి అనుభవం ఉన్న సిస్టర్లున్నరు, పుండుకు డ్రెస్సింగు ఎన్ని రోజులకోసారో వాళ్లు రాసిచ్చినా చెల్లేటట్టు చేస్తే ముసలోళ్లను ఆటోల ఏసుకొని ముప్పై కిలోమీటర్లు తిప్పే బాధ తప్పుతదని నాకు గట్టిగ అనిపిస్తది. ఇప్పటికైతే డాక్టరు సంతకమే.

ఆరోగ్యశ్రీ కింద చేర్చుకొని కూడ నర్సింగు చార్జీ అని, ఇంకేదో అని వేరే పైసలు అడిగితే ఇయ్యకండ్రి, రసీదు అడుగుండ్రి, 104కు ఫోన్ చెయ్యుండ్రి, జిల్లాల ఆరోగ్యశ్రీ కోఆర్డినేటర్ ఉంటడు ఆయనకు రాసియ్యుండ్రి. ఫోన్ చేసేటప్పుడు కార్డు నంబరు, పేషెంట్ చేరిన తేదీ, డాక్టరు పేరు చేతుల పెట్టుకోండ్రి, మొదలు అవే అడుగుతరు. అన్ని కాగితాలను ఫోన్ల ఫోటో తీస్కొని ఇంట్ల ఇంకొకరికి పంపుండ్రి, మా డిశ్చార్జి కాగితం ఒకసారి వాననీళ్లకు తడిసి సంతకం కాడనే చెరిగిపోయింది, ఫోటో ఉండవట్టి పని ఆగలే.