ఆర్కమ్ హారర్ కార్డ్ గేమ్: ఇద్దరు కలిసి మొదటి ఆట ఎలా ఆడాలి?

తిరుపతి, చిత్తూరు వైపు రమ్మీలో చేయి తిరిగినవాళ్లు ఈ ఆటలో మొదట రెండు తప్పులు చేస్తారు. చేతిముక్కలు నోరు విప్పకుండా దాచుకుంటారు, మంచి ముక్కను చివరిదాకా అట్టిపెట్టుకుంటారు. ఇక్కడ పక్కన కూర్చున్నవాళ్లు మీ జట్టే, ఓడించేది ఆటే. దాచుకునే కొద్దీ దానికే లాభం.

2016లో ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ తెచ్చిన ఈ ఆట 1920ల నాటి అమెరికాలో, ఆర్కమ్ అనే కల్పిత ఊళ్లో జరుగుతుంది. 2021 నాటి రివైజ్డ్ కోర్ సెట్ ఒక్క పెట్టెతో నలుగురి వరకు ఆడొచ్చు, పాత పెట్టె ఇద్దరికే.

కట్ట కట్టడం

పెట్టెలోని పాత్రల్లో కొట్లాటకు రోలాండ్ బ్యాంక్స్‌ను, క్లూలకు డైసీ వాకర్‌ను తీసుకోండి. ఒక్కో కట్టలో 30 ముక్కలు, ఒకే పేరున్నవి రెండుకు మించకూడదు. వీటికి ఆ పాత్ర సొంత ముక్క, సొంత బలహీనత (మీకే చెడు చేసే ముక్క), చూడకుండా తీసిన ఇంకో బలహీనత కలపాలి. మొదటి ఆటకు లెవెల్ 0 ముక్కలే, అంటే పాయింట్లు కట్టనక్కర్లేనివి. సీకర్ (వెతికేవాళ్ల రకం) ముక్కలు ఇద్దరికీ పనికొస్తాయి కాబట్టి క్లూలు తెచ్చేవి ముందు డైసీకి ఇవ్వండి, ఆయుధాలు రోలాండ్‌కు.

పరచడం

మే నెల ఎండలో ఫ్యాన్ లేకుండా కూర్చోలేం, ఫ్యానేస్తే ముక్కలు ఎగురుతాయి. స్లీవ్‌లు వేసి, కింద శ్రీకాళహస్తి కలంకారీ దుప్పటిలాంటి మందపాటి గుడ్డ పరిస్తే జారవు. చెమట చేతులకు, పరీక్షల్లో అదృష్టం తేల్చే అట్ట బిళ్లల అంచులు నలిగి, తడిమితే ఏది ఏదో తెలిసిపోతుంది. అందుకే వాటిని వేయడానికి చేయి పూర్తిగా దూరే గుడ్డ సంచి పెట్టుకుని, గుప్పిట్లో కలిపి ఒకటి తీయండి. క్లూ బిళ్లలు పోతే చింతపిక్కలు చాలు.

మొదటి కథ ‘ది గ్యాదరింగ్’కు ఆరు ఎన్‌కౌంటర్ సెట్లు (శత్రువులు, ఆపదల ముక్కల గుంపులు) కావాలి. ముక్కల మీది చిన్న గుర్తులు చూసి ఏరండి, వేరే కథవి ఒక్కటి కలిసినా లెక్క తప్పుతుంది. స్టాండర్డ్ స్థాయిలో సంచిలో 16 బిళ్లలు. ఒక్కొక్కరికి 5 ముక్కలు, 5 రిసోర్సులు (ముక్కలు దింపడానికి కట్టే డబ్బు). మొదటి చేతిలో బలహీనత వస్తే పక్కన పెట్టి వేరే ముక్క తీసి, తర్వాత దాన్ని కట్టలో కలిపేయాలి. గది ముక్క మీద క్లూల అంకె పక్కన మనిషి బొమ్మ ఉంటే ఆటగాళ్ల సంఖ్యతో హెచ్చించాలి. కథ మొదలయ్యే స్టడీ గదిలో 2 అని ఉంటే ఇద్దరికి 4.

రౌండ్

మిథోస్ (ఆట మీ మీద పడే వంతు), ఇన్వెస్టిగేషన్ (మీ పనులు), ఎనిమీ (శత్రువుల దెబ్బలు), అప్‌కీప్ (సర్దుకోవడం): ఈ వరుసలోనే. మొదటి రౌండ్‌లో మిథోస్ ఉండదు, అంటే అప్పటికి ఏ పీడా మీద పడదు. ఆయుధం దింపడానికి అదే అదను. మాచేటీ అనే కత్తికి 3 రిసోర్సులు, పిస్తోలు .45 ఆటోమేటిక్‌కు 4.

ఎందుకంత తొందర? ఒక్కొక్కరికి రౌండ్‌కు 3 పనులు. రాక్షసి మిమ్మల్ని పట్టుకున్నాక కొట్టడం, తప్పించుకోవడం, మాట్లాడి ఒప్పించడం, ఆట నుంచి తప్పుకోవడం తప్ప ఏ పనికి ఒక చర్య వాడినా అది ముందు మిమ్మల్ని కొడుతుంది. ముక్క ఎత్తినా, రిసోర్సు తీసినా, కత్తి దింపినా దెబ్బే. ఎనిమీ ఫేజ్‌లో మళ్లీ ఇంకోటి. ఎక్కువమంది మరిచిపోయే నియమం ఇదే.

డైసీని పట్టుకున్న రాక్షసిని రోలాండ్ నేరుగా కొట్టి గురి తప్పితే ఆ దెబ్బ డైసీకే తగులుతుంది. ముందు ఒక పని ఖర్చుపెట్టి దాన్ని తనవైపు లాక్కోవడం మేలు. మాచేటీ అదనపు దెబ్బ కూడా, మీ మీద ఆ ఒక్క శత్రువే ఉంటేనే.

పరీక్ష

మీ నైపుణ్యం అంకెకు సంచిలో వచ్చిన బిళ్ల మీది అంకె కలపండి, లక్ష్యానికి సమానమైనా గెలుపే. స్టడీ గది కష్టం 2. డైసీ తెలివి 5, దగ్గర్లో పిశాచాలు లేకపోతే 16 బిళ్లల్లో −4, ఆటోఫెయిల్ రెండే ఆమెను ఓడిస్తాయి. రోలాండ్‌కు తెలివి 3 కాబట్టి ఆరు బిళ్లలు ఓడిస్తాయి. కనీసం 2 ఎక్కువ ఉంటేనే చేయి పెట్టండి. తక్కువైతే ఆ నైపుణ్యం బొమ్మలున్న చేతిముక్కలు బిళ్ల తీయకముందే కలపండి. అదే గదిలో ఉన్న తోడు ఆటగాడు ఒక్క ముక్కే కలపగలడు, కాబట్టి ‘నా దగ్గర ఇది ఉంది’ అని ముందే చెప్పుకోవాలి.

డూమ్

మీ గడువు ఎంత తరిగిందో చూపే బిళ్ల ఇది, అసలు శత్రువు ఇదే. ప్రతి మిథోస్‌లో అజెండా (ఆట వైపు కథను నడిపే ముక్క) మీద ఒక డూమ్ పడుతుంది. మొదటి అజెండా 3తో తిరుగుతుంది. అంటే మామూలుగా మీకు మూడు రౌండ్లు, ఇద్దరికీ కలిపి 18 పనులు. ‘ఏన్షియంట్ ఈవిల్స్’ ముక్క వస్తే ఒక రౌండ్ అక్కడికక్కడే గల్లంతు. డైసీ క్లూలు తీస్తుంటే రోలాండ్ ఊరికే రిసోర్సులు పోగేయడం ఇందుకే దండగ.

స్టడీ దాటాక ఇంట్లో ఏముందో చెప్తే మజా పోతుంది. ఒక్కటి మాత్రం: విక్టరీ అంకె ఉన్న గదులు కనబడితే క్లూలన్నీ తీసేయండి. ఒక్క క్లూ మిగిలినా ఆ పాయింట్ రాదు. ఆ పాయింట్లతోనే తర్వాతి కథకు ముందు కట్టలో మెరుగైన ముక్కలు కొంటారు. పాత ముక్కను అదే పేరున్న పెద్ద లెవెల్‌కు మార్చుకుంటే తేడా కడితే చాలు.