కొత్త తుఫానును పాత తుఫానులతో ఎలా పోల్చాలి?

పెద్ద గాలితుఫాను ఏది వచ్చినా, అది ఇంకా తగ్గకముందే "చరిత్రలో ఇంత గాలి ఎప్పుడూ వీయలేదు" అనే మాట పుట్టేస్తుంది. ఇంకొందరు పెదవి విరిచి "ఇదేం గాలి, మా చిన్నప్పటిది చూడాల్సింది" అంటారు. ఇద్దరి చేతిలోనూ లెక్క ఉండదు. వాతావరణం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఈ వాదనను చాలావరకు ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. డేటాలో ఎక్కువ భాగం ఉచితంగానే దొరుకుతోంది. కావలసిందల్లా ఓపిక, ఒక ఎక్సెల్ షీట్, రెండు తుఫానులనూ ఒకే కొలతతో కొలవాలన్న పట్టుదల.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"ఏది పెద్ద తుఫాను?" అనే ప్రశ్నకు జవాబు లేదు. గాలి వేగంలో పెద్దదా? ఎంత దూరం పాకిందన్న విషయంలోనా? ఎన్ని గంటలు వీచిందన్నదాంట్లోనా? నష్టంలోనా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో తుఫాను మొదటి స్థానంలో నిలుస్తుంది. "ఈ తీరంలోని ఈ అయిదు వాతావరణ కేంద్రాల్లో 1970 నుంచి నమోదైన గాలుల్లో కొత్త తుఫాను ఎన్నోది?" అని రాసుకుంటే పని సగం అయినట్టే. ప్రశ్న ఎంత ఇరుగ్గా ఉంటే జవాబు అంత గట్టిగా ఉంటుంది.

ఉష్ణమండల తుఫానునూ, యూరప్ శీతాకాలపు గాలితుఫానునూ ఒకే పట్టికలో పెట్టకండి. మొదటిది వెచ్చటి సముద్రం నుంచి శక్తి తీసుకుంటుంది, దాని భీకరమైన గాలి కంటి (తుఫాను నడిమధ్య భాగం) చుట్టూ కొద్ది పదుల కిలోమీటర్లలోనే ఉంటుంది. రెండోది చల్లగాలికీ వేడిగాలికీ మధ్య తేడా మీద బతుకుతుంది, వందల కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది.

2. కొత్త తుఫాను అంకెలు సేకరించండి, పుట్టుపూర్వోత్తరాలతో సహా

"గంటకు 180 కి.మీ." అన్న అంకె ఒక్కటే చాలదు. అది ఏ కేంద్రంలో నమోదైంది, యంత్రం నేలకు ఎంత ఎత్తులో ఉంది, అది గస్టా (క్షణాల పాటు విసిరికొట్టే గాలి) సగటా, సగటైతే ఎన్ని నిమిషాలది, ఏ సమయంలో, ఏ యూనిట్‌లో? వీటన్నిటికీ షీట్‌లో విడివిడిగా గడులు పెట్టండి. తెలియని గడిని ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపొద్దు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. తుఫానుకు ముందు "120 కి.మీ. వేగంతో గాలులు వీచే అవకాశం ఉంది" అని హెచ్చరిక వస్తుంది. మర్నాటికి అదే వాక్యం "120 కి.మీ. వేగంతో గాలులు వీచాయి" అయి కూర్చుంటుంది. అంచనా వేరు, నమోదు వేరు. యంత్రం కొలిచిన అంకెనే తీసుకోండి. అదీ మొదటి రోజు తాత్కాలికమే, తర్వాత అధికారులు పరిశీలించి ఖాయం చేస్తారు. దీనికి ఎంత కాలం పట్టొచ్చంటే, 1996 ఏప్రిల్ 10న ఒలీవియా తుఫానులో ఆస్ట్రేలియాలోని బారో దీవి దగ్గర గంటకు 408 కి.మీ. గస్ట్ నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ప్రపంచ రికార్డుగా గుర్తించింది 2010లో. అప్పటిదాకా అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ మీద 1934లో నమోదైన 372 కి.మీ.నే అందరూ రికార్డుగా చెప్పుకున్నారు.

ఇళ్ల మీద పెట్టుకున్న చిన్న వాతావరణ పరికరాల అంకెలను పట్టికలో వేరే రంగులో పెట్టుకోండి. పైకప్పు అంచున, పక్కింటి గోడ చాటున ఉన్న యంత్రం కొలిచేది ఆ మూల గాలిని మాత్రమే.

3. అన్నిటినీ ఒకే కొలతలోకి తెండి

అసలు పనంతా ఇక్కడే ఉంది, ఎక్కువ మంది దాటేసేదీ ఇదే. యూనిట్ల సంగతి తేలిక. నాట్‌ను (ఓడలూ విమానాలూ వాడే వేగం యూనిట్) 1.852తో, గంటకు మైళ్లను 1.609తో, సెకనుకు మీటర్లను 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 100 నాట్లంటే 185 కి.మీ.

తర్వాత సగటు సమయం. గస్ట్ అంటే మూడు సెకన్ల పాటు ఒక్కసారిగా విసిరికొట్టే గాలి. నిలకడ గాలి అంటే కొన్ని నిమిషాల సగటు. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం 10 నిమిషాలు, అమెరికా తుఫాను కేంద్రాలు వాడేది 1 నిమిషం, భారత వాతావరణ విభాగానిది 3 నిమిషాలు. గాలి ఒకటే అయినా సగటు తీసే సమయం తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది. ఒక తుఫాను గస్ట్‌ను ఇంకో తుఫాను నిలకడ గాలితో పోల్చడమంటే, ఒక బౌలర్ వేసిన అత్యంత వేగమైన బంతిని ఇంకో బౌలర్ స్పెల్ సగటుతో పోల్చడమే. సముద్రం మీద 1 నిమిషం సగటును 0.93తో గుణిస్తే సుమారుగా 10 నిమిషాల సగటు వస్తుంది. గస్ట్ నుంచి సగటును మాత్రం లెక్క కట్టొద్దు. చెట్లు, భవనాలు, కొండలను బట్టి ఆ నిష్పత్తి చోటుచోటుకీ మారుతుంది.

ఆ తర్వాత ఎత్తు, పరిసరాలు. బహిరంగ ప్రదేశంలో నేలకు 10 మీటర్ల ఎత్తున కొలవాలన్నది ప్రమాణం. అదే గాలి 50 మీటర్ల ఎత్తున సుమారు 25 శాతం ఎక్కువ ఉంటుంది. 2022 ఫిబ్రవరి 18న యూనిస్ తుఫానులో వైట్ దీవిలోని నీడిల్స్ దగ్గర 196 కి.మీ. గస్ట్ నమోదై, ఇంగ్లండ్ రికార్డు అయింది. ఆ కేంద్రం సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అంచున ఉంది. దాన్ని లోపలి మైదానంలోని విమానాశ్రయం అంకె పక్కన పెట్టి "ఇక్కడెంత, అక్కడెంత" అనడం కుదరదు. నీడిల్స్‌ను నీడిల్స్‌తోనే పోల్చాలి.

చివరగా వేగాల తేడాను బలంగా మార్చి చూడండి. గాలి తోసే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 120 కంటే 150 కి.మీ. పాతిక శాతమే ఎక్కువగా కనిపిస్తుంది, కానీ గోడ మీద పడే ఒత్తిడి 56 శాతం ఎక్కువ.

4. పాత రికార్డులను అనుమానంతో చదవండి

పాతది కాబట్టి తప్పనో, పాతది కాబట్టి గొప్పదనో అనుకోవద్దు. ఆనాటి యంత్రం ఏమిటో చూడండి. 1846లో రాబిన్సన్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన గిన్నెల ఎనిమోమీటర్‌లో (గాలి వేగం కొలిచే యంత్రం), గిన్నెలు గాలి వేగంలో సరిగ్గా మూడో వంతు వేగంతో తిరుగుతాయని లెక్క వేశారు. నిజంగా అవి అంతకంటే వేగంగా తిరుగుతాయి. దాంతో అప్పటి అంకెలు చాలావరకు ఎక్కువగా వచ్చాయి. కొన్నిచోట్ల తప్పు రెండో వైపుకు ఉంటుంది. 1987 అక్టోబరు తుఫానులో ఇంగ్లండ్‌లోని షోరమ్ దగ్గర 100 నాట్ల గస్ట్ నమోదయ్యాక యంత్రమే చెడిపోయింది. ఆ తర్వాత ఎంత వీచిందో తెలియదు. అలాంటి అంకె పక్కన "కనీసం" అని రాసుకోండి.

యంత్రాలు లేని కాలంలో, కంటికి కనిపించే ప్రభావాన్ని బట్టి గాలికి అంకె వేసే బోఫోర్ట్ స్కేలు ఉండేది. 1805లో రూపొందిన ఈ కొలత 12 దగ్గర ఆగిపోతుంది. 118 కి.మీ. దాటిన గాలి ఏదైనా 12వ అంకే. ఓడ లాగ్‌బుక్‌లలో రెండు తుఫానులకూ 12 అని ఉంటే అవి సమానమని కాదు, అంతకుమించి విడదీసి చెప్పలేమని అర్థం.

తేదీల దగ్గరా జాగ్రత్త. ఇంగ్లండ్‌ను కుదిపేసి ఎడీస్టోన్ లైట్‌హౌస్‌ను తుడిచిపెట్టిన 1703 మహా తుఫాను కొన్నిచోట్ల నవంబరు 26 అనీ, కొన్నిచోట్ల డిసెంబరు 7 అనీ కనిపిస్తుంది. రెండూ ఒకటే రాత్రి. బ్రిటన్ 1752లో క్యాలెండర్ మార్చడం వల్ల వచ్చిన 11 రోజుల తేడా అది.

జ్ఞాపకాల సంగతికొస్తే, 1839 జనవరి 6 రాత్రి ఐర్లాండ్‌ను ఊడ్చేసిన తుఫాను కథ వినాల్సిందే. 1909లో 70 ఏళ్లు నిండినవారికి పింఛను మొదలైంది. చాలామందికి పుట్టిన తేదీ పత్రాలు లేవు. "ఆ పెనుగాలి రాత్రి నీకు గుర్తుందా?" అన్నది వయసుకు సాక్ష్యమైంది. పింఛను కావాలంటే తుఫాను గుర్తుండాలి మరి, గుర్తుండక ఏమవుతుంది! ప్రత్యక్ష సాక్షుల మాటలను రంగు కోసం వాడండి, ర్యాంకు కోసం వద్దు.

5. గాలి అంకె దొరకకపోతే పీడనం వైపు వెళ్లండి

గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఎనిమోమీటర్ కంటే పాతది, నమ్మకమైనది కూడా. చెట్టు చాటున ఉన్నా, గది లోపల ఉన్నా అది సరిగ్గానే చెబుతుంది. అందుకే 19వ శతాబ్దపు తుఫానులను పోల్చేవాళ్లు మొదట పీడనమే వెతుకుతారు.

ఒక్క మెలిక ఉంది. తుఫాను కేంద్రంలో పీడనం ఎంత తక్కువగా ఉంటే గాలి అంత ఎక్కువ అనుకుంటాం, కానీ అన్నిసార్లూ అలా ఉండదు. 1993 జనవరిలో ఉత్తర అట్లాంటిక్ మీద ఏర్పడిన బ్రేయర్ తుఫాను పీడనం సుమారు 914 హెక్టాపాస్కల్స్‌కు (పీడనం యూనిట్) పడిపోయింది. ఆ ప్రాంతంలో శీతాకాలపు తుఫానుల్లో అంత తక్కువ ఇంకోటి లేదు. 1999 డిసెంబరు 26న ఫ్రాన్స్‌ను చిదిమేసిన లోథార్ పీడనం 960 దగ్గరే ఉంది. అయినా పారిస్ పక్కన ఓర్లీలో 173 కి.మీ. గస్ట్ వచ్చింది. 960 అన్న పీడనం మామూలుగా చూస్తే ఓ మోస్తరు తుఫాను అనిపించే అంకె. గాలిని నిర్ణయించేది కేంద్రంలో పీడనం ఎంత పడిందన్నది కాదు, కొద్ది దూరంలో ఎంత మారిందన్నది.

కాబట్టి ఒకే సమయానికి తుఫాను దారికి అడ్డంగా ఉన్న రెండు కేంద్రాల పీడనాలు తీసుకుని, తేడాను దూరంతో భాగించండి. 50-55 డిగ్రీల అక్షాంశాల్లో ప్రతి 100 కి.మీ.కు 1 హెక్టాపాస్కల్ తేడా ఉంటే పై గాలి సెకనుకు దాదాపు 7 మీటర్లు. తేడా 5 ఉంటే 35 మీటర్లు, అంటే గంటకు 126 కి.మీ. ఇది రాపిడి లేని లెక్క. నేల మీది సగటు గాలి ఇంతకంటే తక్కువ ఉంటుంది. కానీ రెండు తుఫానులకూ ఇదే లెక్క వేస్తే పోలిక న్యాయంగా ఉంటుంది. భూమధ్యరేఖకు దగ్గరి తుఫానులకు మాత్రం ఈ సూత్రం పనికిరాదు.

6. రీఅనాలిసిస్ మ్యాపులు తెరవండి

పాత పరిశీలనలన్నిటినీ నేటి వాతావరణ నమూనాలో వేసి, ఆనాటి వాతావరణాన్ని మళ్లీ గీసిన డేటా ఇది. యూరప్ వారి ఈఆర్‌ఏ-5 1940 నుంచి ఉంది. అమెరికా వారి ట్వెంటీయత్ సెంచురీ రీఅనాలిసిస్ 1836 దాకా వెనక్కి వెళుతుంది. రెండు తుఫానులనూ ఒకే డేటాలో చూడండి. ఈఆర్‌ఏ-5లో ఒక్కో గడి సుమారు 31 కి.మీ. ఉంటుంది కాబట్టి గస్ట్‌ల శిఖరాలు అందులో మొద్దుబారిపోతాయి. ఎంత మేర వీచింది, ఎన్ని గంటలు వీచింది అన్నవాటికి మాత్రం ఇదే మంచి ఆధారం.

ఎంత వెనక్కి వెళితే పరిశీలనలు అంత తక్కువ. 1903 ఫిబ్రవరిలో ఐర్లాండ్, బ్రిటన్‌లను తాకిన తుఫాను విషయంలో, చేతిరాత పుస్తకాల్లో పడి ఉన్న పీడనం అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించి రీఅనాలిసిస్‌కు కలిపారు. అప్పటిదాకా మసకగా ఉన్న తుఫాను, ఆ ప్రాంతంలో అత్యంత బలమైన గాలులు వీచినవాటిలో ఒకటిగా తేలింది.

7. నష్టాన్ని వేరే పేజీలో పెట్టండి

1987 అక్టోబరు 16 తెల్లవారుజామున దక్షిణ ఇంగ్లండ్‌లో వీచిన గాలికి సుమారు కోటిన్నర చెట్లు కూలాయి. బ్రిటన్‌లో చనిపోయింది 18 మంది. 1990 జనవరి 25 తుఫాను ఇంకా విశాలమైన ప్రాంతాన్ని ఊపేసింది. చెట్లు కూలింది 30 లక్షలు, చనిపోయింది 47 మంది. చెట్ల లెక్కన 1987ది పెద్దది, మృతుల లెక్కన 1990ది. కారణం గాలిలో లేదు. అక్టోబరులో చెట్లు ఇంకా ఆకులతో నిండుగా ఉన్నాయి, వానలకు నేల నాని ఉంది. జనవరిలో అవి మోడులు. మొదటిది జనం నిద్రలో ఉండగా వీచింది, రెండోది పట్టపగలు, రోడ్ల మీద జనం ఉన్నప్పుడు. నెల, గంట, నేల తడి అనే మూడు గడులు మీ షీట్‌లో లేకపోతే ఇది ఎప్పటికీ అర్థం కాదు.

హెచ్చరికల ప్రభావం ఇంతకంటే పెద్దది. 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో సుమారు 10,000 మంది చనిపోయారు. 2013లో అదే రాష్ట్రాన్ని తాకిన ఫైలిన్‌లో మృతులు పదుల్లోనే. ఫైలిన్ గాలి కొంత తక్కువే, కాదనను. కానీ ఇంత తేడా గాలి వల్ల వచ్చింది కాదు, లక్షల మందిని ముందే తరలించడం వల్ల వచ్చింది. డబ్బు నష్టాన్నైతే నేను పోలికలోకే తీసుకోను. ఇళ్లు పెరిగాయి, ధరలు పెరిగాయి, బీమా పెరిగింది.

8. తీర్పు రాసేటప్పుడు

2025 జనవరి 24న ఎయోవిన్ తుఫానులో ఐర్లాండ్‌లోని మేస్ హెడ్ దగ్గర 184 కి.మీ. గస్ట్ వచ్చింది. 1945లో ఫోయిన్స్ దగ్గర నమోదైన 182 కి.మీ. రికార్డు పోయింది. గస్ట్‌లలో తేడా 2 కి.మీ., పైగా కేంద్రాలు వేరు, యంత్రాలు వేరు, మధ్యలో 80 ఏళ్లు. దీన్నిబట్టి 1945 కంటే బలమైన తుఫాను అనడానికి నాకు మనసొప్పదు. సగటు గాలిని చూస్తే మాటకు బలం వస్తుంది. 10 నిమిషాల సగటు రికార్డు 131 నుంచి 142 కి.మీ.కు పెరిగింది. "ఐర్లాండ్‌లో యంత్రాలు నమోదు చేసిన గాలుల్లో ఇదే అత్యధికం" అని రాయొచ్చు. "1839 తర్వాత ఇదే పెద్దది" అని రాయాలంటే పీడనం మ్యాపులు ముందు పెట్టుకుని మాట్లాడాలి.

"200 ఏళ్లకోసారి వచ్చే తుఫాను" అన్న మాట వాడేముందు మీ దగ్గర ఎన్నేళ్ల డేటా ఉందో చూసుకోండి. ఆ మాటకు అర్థం ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం 200లో 1 అని. 200 ఏళ్ల పాటు మళ్లీ రాదని కాదు. 40 ఏళ్ల రికార్డుతో ఆ మాట చెప్పడం కంటే "ఈ కేంద్రంలో 40 ఏళ్లలో రెండోది" అని రాయడం నయం. షీట్‌కు తేదీ వేసి ఉంచుకోండి. తాత్కాలిక అంకెలు ఖాయమయ్యాక, ఒకట్రెండు నెలల్లో, ర్యాంకులు ఒకసారి సరిచూసుకోవాల్సి వస్తుంది.