ఎంబెడెడ్ బోర్డులపై ఈథర్‌నెట్, నాలుగో పాఠం: దీపం వెలిగినా ప్యాకెట్ కదలనప్పుడు

ప్యాకెట్లను పంపి అందుకునే, ప్రాసెసర్‌లోని మ్యాక్ భాగం, వాటిని కేబుల్ సంకేతాలుగా మార్చే, కేబుల్ వైపు ఉండే ఫై చిప్పు ఎండీఐఓ అనే తీగ ద్వారా ఎలా మాట్లాడుకుంటాయో గత పాఠంలో చూశాం. ఫై చిరునామా తప్పుగా రాస్తే, చదివిన రిజిస్టర్‌లో బిట్లన్నీ ఒకట్లుగానే కనిపిస్తాయని కూడా తెలుసుకున్నాం. ఈసారి తీసుకుంటున్నది అంతకన్నా తికమక పెట్టే స్థితి: ఫై దొరికింది, కేబుల్ పెట్టగానే దీపం వెలిగింది, 1000 ఎంబీపీఎస్ లింకు వచ్చినట్టు లైనక్స్ కెర్నెల్ లాగ్ చెబుతోంది, అయినా పింగ్‌కు ఒక్క జవాబూ రావడం లేదు.

ఆ దీపానికి అర్థం ఫై చిప్పుకూ అవతలి స్విచ్‌కూ లింకు కుదిరిందని మాత్రమే. ఫైకీ మ్యాక్‌కూ మధ్య బోర్డు మీదున్న తీగల గురించి అది ఏమీ చెప్పదు. గిగాబిట్ బోర్డుల్లో విరివిగా వాడే ఆర్‌జీఎంఐఐ పద్ధతిలో ఒక్కో దిశకు నాలుగు డేటా తీగలు, ఒక కంట్రోల్ తీగ, ఒక క్లాక్ తీగ ఉంటాయి. క్లాక్ వేగం 125 మెగాహెర్ట్జ్, దాని రెండు అంచుల్లోనూ డేటా చదవాలి కనుక ఒక్కో విలువ తీగ మీద నిలిచేది 4 నానోసెకన్లే. డేటా, క్లాక్ ఒకే క్షణంలో మారితే, అందుకునే చిప్పు సరిగ్గా విలువ మారుతున్నప్పుడే దాన్ని చదువుతుంది, చదివింది చెడిపోతుంది. అందుకే క్లాక్‌ను సుమారు 2 నానోసెకన్లు ఆలస్యం చేయాలి. తీగ పొడవుతోనే ఆ ఆలస్యం తేవాలంటే దాదాపు 30 సెంటీమీటర్ల తీగను మెలికలు తిప్పాలి. చిన్న బోర్డులో అంత చోటు దొరకదు గనుక ఆ పని సాధారణంగా ఫై చిప్పుకు అప్పగిస్తారు.

బోర్డు మీద ఏ భాగాలు ఎలా కలిసి ఉన్నాయో కెర్నెల్‌కు వివరించే ఫైలును డివైస్ ట్రీ అంటారు. అందులోని ఫై-మోడ్ అనే పదం ఈ సంగతినే చెబుతుంది. ఆర్‌జీఎంఐఐ అని మాత్రమే రాస్తే ఫై ఏ ఆలస్యమూ చేర్చనక్కర్లేదని అర్థం. ఆర్‌జీఎంఐఐ-ఐడీ అని రాస్తే రెండు దిశల్లోనూ చేర్చాలని అర్థం. టీఎక్స్‌ఐడీ (పంపే దిశ), ఆర్‌ఎక్స్‌ఐడీ (అందుకునే దిశ) అనేవి ఒక్కో దిశకే వర్తిస్తాయి. ఈ చిన్న తేడా ఎంత పని చేస్తుందో 2020లో చాలామంది చూశారు. ఆల్‌విన్నర్ ప్రాసెసర్, రియల్‌టెక్ ఆర్‌టీఎల్8211ఈ ఫై ఉన్న బనానా పై ఎం64 వంటి బోర్డుల డివైస్ ట్రీలో ఆర్‌జీఎంఐఐ అనే ఉండేది. డ్రైవర్ ఆ మాటను సరిగా పాటించనంత కాలం, చిప్పు కాళ్ల దగ్గరి రెసిస్టర్లు నిర్ణయించిన ఆలస్యమే కొనసాగి అంతా పనిచేసింది. లైనక్స్ డ్రైవర్‌ను సరిదిద్దాక అది రాసినట్టే ఆలస్యాన్ని తీసేసింది, నెట్‌వర్క్ ఆగిపోయింది. తప్పు డివైస్ ట్రీది కనుక, మందు కూడా అక్కడే పడింది: ఐడీ చేర్చారు. పాత కెర్నెల్‌లో పనిచేసింది కాబట్టి కాన్ఫిగరేషన్ సరైనదేనని వాదించేవారికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చూపిస్తాను.

ఇక లోపం ఏ దిశలో ఉందో తేల్చుకోవాలి. బోర్డును నేరుగా కంప్యూటర్‌కు కలిపి, రెండు చోట్లా టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లను చూపే ప్రోగ్రాం) నడుపుతూ బోర్డు నుంచి పింగ్ చేయండి. బోర్డు పంపిన ఏఆర్‌పీ ప్రశ్న (ఈ ఐపీ చిరునామా ఎవరిదని అడిగేది) కంప్యూటర్‌లో కనిపించి, దాని జవాబు మాత్రం బోర్డులో కనిపించకపోతే అందుకునే దిశలో లోపం ఉంది. అప్పుడు ఈత్‌టూల్ (నెట్‌వర్క్ పోర్టు లెక్కలు చూపి, సెట్టింగులు మార్చే ఆదేశం) గణాంకాల్లో సీఆర్‌సీ దోషాల, అంటే దారిలో చెడినట్టు తేలిన ఫ్రేముల (ఈథర్‌నెట్ ప్యాకెట్ల) సంఖ్య పెరుగుతూ ఉండడం కూడా గమనించవచ్చు. ప్రశ్నే కంప్యూటర్‌కు చేరకపోతే పంపే దిశను అనుమానించాలి. అయితే ఇక్కడ బోర్డు లెక్కల్లో దోషమేదీ కనిపించదు, ఎందుకంటే చెడిన ఫ్రేమును పారేసేది అవతలి యంత్రం.

ఆ తర్వాత ఈత్‌టూల్‌తో వేగాన్ని 100కు తగ్గించి చూడండి. మ్యాక్, ఫై రెండూ ఆలస్యం చేర్చినందువల్ల అది రెట్టింపై 4 నానోసెకన్లు అయితే, గిగాబిట్‌లో క్లాక్ అంచు తర్వాతి విలువ మీద పడుతుంది. 100లో మాత్రం ఒక్కో విలువ 40 నానోసెకన్లు నిలుస్తుంది గనుక ప్యాకెట్లు నడుస్తాయి. ఆలస్యం అసలే లేకపోతే అంచులు 100లోనూ కలిసే ఉంటాయి, అందుచేత అక్కడ కూడా ఇబ్బంది రావచ్చు.

ఫై-మోడ్ మార్చినా ఫలితం మారకపోతే కెర్నెల్ లాగ్‌లో ఫై డ్రైవర్ పేరు చూడండి. జెనెరిక్ ఫై అని ఉంటే, మీ చిప్పుకు చెందిన డ్రైవర్ కెర్నెల్‌లో చేరలేదని అర్థం. ఆ సాధారణ డ్రైవర్‌కు చిప్పులోని ఆలస్యం రిజిస్టర్లు ఎక్కడున్నాయో తెలియదు గనుక మీరు ఏ పదం రాసినా ఒకటే. అలాగే ప్రతి ప్రయత్నానికీ ముందు బోర్డుకు కరెంటు పూర్తిగా తీసేయండి. రీబూట్ మాత్రమే చేస్తే, రీసెట్ తీగ కలపని బోర్డుల్లో ఫై తన పాత సెట్టింగులను అలాగే ఉంచుకుని, మీ మార్పు పనిచేసిందనే భ్రమ కలిగించగలదు.

వచ్చే పాఠానికి ముందు, బాగా పనిచేస్తున్న ఒక బోర్డులో ఫై-మోడ్ విలువను నాలుగు రకాలుగానూ మార్చి, ప్రతిసారీ 1000లోనూ 100లోనూ ఏ దిశ ఆగిపోయిందో, సీఆర్‌సీ సంఖ్య ఎంత పెరిగిందో కాగితం మీద రాసుకోండి. ఆ ఎనిమిది ఫలితాలతోనే అయిదో పాఠం మొదలవుతుంది.