కాలువ ఊళ్లో హెరిటేజ్ వాక్ నడిపించాలంటే

గోదావరి డెల్టాలో కాలువ గట్టున ఉన్న ఏ ఊళ్లో అయినా హెరిటేజ్ వాక్, అంటే పాత కట్టడాలు చూపిస్తూ వాటి కథ చెబుతూ జనాన్ని నడిపించడం, పెట్టుకోవచ్చు, మా ఊళ్లో కోటలు లేవు గోపురాలు లేవు అని ఆగిపోకండి, లాకు (పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపుల కట్టడం) ఉందా, రేవు ఉందా, పాత వంతెన ఉందా, అవి చాలు.

రూటు రెండు కిలోమీటర్లు దాటనివ్వొద్దు, మనుషులు పదిహేను మందికి మించితే వెనకాల వాళ్లకి మీ మాట వినపడదు. నీళ్లు పారే వైపుకే నడిపించండి, అప్పుడు కథ కూడా వరసలో వస్తుంది. డెల్టా కాలువలకి నీళ్లొచ్చేది ధవళేశ్వరం నుంచే కాబట్టి మొదట్లోనే అక్కడి ఆనకట్ట సంగతి చెప్పేయండి, 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు, కాటన్ దొర పేరు అందరికీ తెలుసు, ఆయనతో పనిచేసిన వీణం వీరన్న పేరు చాలామందికి తెలీదు, అది తప్పకుండా చెప్పండి. ఊళ్లో కాటన్ దొర విగ్రహం ఉంటే అక్కడే మొదలెట్టడం బాగుంటుంది.

లాకు దగ్గర మాత్రం అస్సలు తొందరపడొద్దు. బ్రిటిష్ వాళ్లు కట్టారండీ అని ఒక్క ముక్క చెప్పి కదిలిపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, అసలు చూడాల్సిందే అది కదా! ఎగువన నీటిమట్టం ఎక్కువ, దిగువన తక్కువ, మధ్యలో తొట్టి, రెండు చివర్లా తలుపులు. పడవ దిగువ నుంచి తొట్టిలోకి వచ్చాక వెనక తలుపులు మూసేసి ఎగువ నీళ్లు లోపలికి వదిలితే పడవ దానంతటదే పైకి లేస్తుంది, మోటారు లేదు ఏం లేదు. మట్టం రెండు పక్కలా సమానం అయ్యేదాకా ముందు తలుపులు ఎంతమంది నెట్టినా రావు. ఆ రెండు రెక్కలూ మూసినప్పుడు ఎగువ వైపుకి కోణంలా నిలబడతాయి, ఎందుకలా అని ముందు వాళ్లనే అడగండి, కాసేపు ఆలోచించనివ్వండి, ఆ తర్వాత చెప్పండి నీళ్లు తోసేకొద్దీ అవి ఇంకా బిగుసుకుంటాయని.

వేసవిలో కాలువకి నీళ్లు ఆపేసినప్పుడు ఒకసారి, నీళ్లొదిలాక ఒకసారి పెట్టండి, రెండూ వేరే వేరే వాక్‌లే. నీళ్లు లేనప్పుడు లాకు అడుగు, కట్టడం అంతా బయటపడుతుంది, అది నాకైతే ఇంకా ఇష్టం. ఎండ ముదరకముందే ముగించేయండి.

ఊళ్లో పెద్దవాళ్లతో నాలుగు మాటలు చెప్పించండి, కానీ ముందురోజే వెళ్లి అడగాలి, కుర్చీ నీడలో వేయాలి, ఫోన్లో రికార్డ్ చేస్తుంటే ఒప్పుకున్నాకే చేయాలి. పాత రోజులు ఎలా ఉండేవి తాతగారూ అంటే బాగుండేవి బాబూ అని ఊరుకుంటారు. ధాన్యం పడవలు ఏ రేవులో ఆగేవి, తాడు కట్టి పడవ లాగేవాళ్లు ఏ గట్టున నడిచేవాళ్లు, రాత్రి ఎక్కడ వండుకునేవాళ్లు అని అడగండి, ఇక చూస్కోండి, ఆపడం మీ వల్ల కాదు. ఆయన చెప్పింది మీరు చదివినదానికి తేడాగా ఉన్నా అందరి ముందూ సరిదిద్దకండి.

రేవులో బట్టలు ఉతుక్కునేవాళ్లు, స్నానాలు చేసేవాళ్లు ఉంటే కెమెరాలు లోపల పెట్టించండి, అది వాళ్ల ఇల్లు లాంటిదే. లాకు తలుపుల మీదకి ఎవర్నీ ఎక్కనివ్వొద్దు, నీళ్లు పైకి నెమ్మదిగా కనపడతాయి గానీ తూము దగ్గర లాగేస్తాయి, పిల్లలుంటే ఈత వచ్చిన మనిషిని ఒకరిని గట్టు అంచున, వాళ్లకీ నీళ్లకీ మధ్యలో నడవమనండి.