కైట్‌బోర్డింగ్ నేర్పేముందు నేల మీద చూసుకోవాల్సినవి

కైట్‌బోర్డింగ్ అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్లపై జారే ఆట. నేర్చుకునేవాళ్లను రామేశ్వరం సముద్రానికి తీసుకుపోయే ముందు మన అనంతపురంలోనే ట్రైనర్ కైట్‌తో, అంటే సాధన కోసం వాడే చిన్న గాలిపటంతో, నేల మీద సాధన చేయించండి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఆషాఢం గాలి మనిషినే తోసేస్తుంది. 2, 3 చదరపు మీటర్ల కైట్ చాలు, పెద్దది వద్దే వద్దు.

ముందు స్థలం. కరెంటు తీగలు, బోరు ట్రాన్స్‌ఫార్మర్, తుమ్మచెట్లు, రోడ్డు దగ్గర్లో ఉండకూడదు, గాలి పోయే వైపు అసలే ఉండకూడదు. మన చేలల్లో తీగలు ఎక్కడ పడితే అక్కడ వేలాడుతుంటాయి కాబట్టి ఒకసారి చుట్టూ నడిచి చూసి రండి. కైట్ తీగకు చిక్కితే ఎవరూ ముట్టుకోవద్దు, కరెంటోళ్లకు ఫోన్ చేయండి.

తాళ్లు పరిచి, వేళ్ల మధ్య జార్చుకుంటూ కైట్ దాకా నడవండి. కోత తగిలితే ఆ తాడు వాడొద్దు. ఎగిరేటప్పుడు తాడు చేతికి చుట్టుకుంటే వేలే తెగొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం ఇది: కొత్తవాళ్లు భయపడితే బార్‌ను, అంటే తాళ్లు కట్టిన చేతి కడ్డీని, ఇంకా గట్టిగా పట్టుకుంటారు, పట్టుకున్నంతసేపూ కైట్ ఈడుస్తూనే ఉంటుంది. అందుకే కైట్ లేపకముందే "వదిలెయ్" అనగానే రెండు చేతులూ వదలడం పదిసార్లు చేయించండి. వదిలాక మణికట్టు పట్టీతో కైట్ చప్పబడి కింద పడాలి, పడుతుందో లేదో ముందు మీరే చూడండి.

హెల్మెట్, బూట్లు తప్పనిసరి. ఉరుము వినబడితే వెంటనే దించేయండి. ఈత రానివాళ్లను మాత్రం నీళ్లలోకి దింపకండి.