రేకుతో వింగ్ నట్: మరలు నిలవాలంటే కాలర్ లాగండి

వింగ్ నట్ అంటే వేళ్లతో తిప్పే రెక్కల నట్. దాన్ని చేయడానికి 1.6 మి.మీ. రేకుకు నేరుగా 5 మి.మీ. రంధ్రం వేసి ఎం6 ట్యాప్ (6 మి.మీ. బోల్ట్‌కు మరలు కోసే పనిముట్టు) తిప్పితే దక్కేది ఒకటిన్నర మర. నాలుగుసార్లు బిగించేసరికి అది కోసుకుపోతుంది. మందం పెంచక్కర్లేదు, కాలర్ (రంధ్రం చుట్టూ గొట్టంలా లేచే అంచు) లాగితే చాలు.

మెత్తని మైల్డ్ స్టీల్ రేకుకు 3 మి.మీ. రంధ్రం వేయండి. కింద 7 మి.మీ. రంధ్రమున్న డై (ఆధారంగా ఉండే ఉక్కు దిమ్మ) పెట్టి, మొన నున్నగా గుండ్రం చేసిన 5 మి.మీ. పంచ్‌ను (రంధ్రంలోకి నొక్కే ఉక్కు కడ్డీని) నూనె రాసి దించండి. రంధ్రం చుట్టూ లోహం గొట్టంలా సాగి మొత్తం ఎత్తు సుమారు రెండున్నర మి.మీ. అవుతుంది. రంధ్రం అంచున ఉన్న బర్ (తొలిచినప్పుడు మిగిలే గరుకు లోహపు ముళ్లు) తప్పకుండా తీసేయాలి. కాస్త మిగిలినా ఆ వైపు పంచ్‌కు ఎదురుగా ఉండాలి, డై వైపు ఉంటే కాలర్ అంచు అక్కడి నుంచే చీలుతుంది. చాలా కాలర్లు పాడయ్యేది ఇక్కడే.

రెక్కలను కాలర్ ఉన్న వైపుకే వంచండి. అప్పుడు చదునైన ముఖం వాషర్ మీద పూర్తిగా కూర్చుంటుంది, పంచ్ దిగిన చోటి గుండ్రటి అంచు బోల్ట్‌కు దారి చూపుతుంది. వంపు లోపలి వ్యాసార్థం కనీసం రేకు మందమంత ఉండాలి. వంపు గీత కాలర్‌కు మరీ దగ్గరైతే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది, 6 మి.మీ. దూరం వదలండి. వంపు గీత రేకు రోలింగ్ దిశకు (మిల్లులో రోలర్ల మధ్య రేకు సాగిన దిశకు) అడ్డంగా పడితే పగుళ్లు రావు.

ట్యాప్ మాత్రం వంచడం పూర్తయ్యాకే. రెక్కల అంచులు ఆకురాయితో గుండ్రం చేయండి, లేకపోతే వేళ్లు తెగుతాయి. ఇది చేతి బిగువుకే, పటకారు పెట్టకూడదు.