ఫోర్‌వీల్ డ్రైవ్ బండి టైర్లు – 3వ పాఠం: రాసిన సైజు, అసలు కొలత

గత పాఠంలో 255/60 ఆర్18 అనే అంకెలను విడదీసి చదవడం నేర్చుకున్నాం. 255 మిల్లీమీటర్ల వెడల్పు, ఆ వెడల్పులో 60 శాతం గోడ (రిమ్ముకూ నేలకు ఆనే భాగానికీ నడుమ ఉండే టైరు పక్క భాగం) ఎత్తు, 18 అంగుళాల రిమ్ము అని లెక్క కడితే టైరు మొత్తం ఎత్తు 763 మిల్లీమీటర్లు వస్తుంది. ఇసుజు వి-క్రాస్ పికప్పుకు వచ్చే సైజుల్లో ఇదొకటి.

ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఏదైనా టైర్ల షాపుకు వెళ్లి, ఇదే సైజు రాసి ఉన్న రెండు కంపెనీల కొత్త టైర్లను రిమ్ముకు ఎక్కించి కొలిస్తే, ఏదీ సరిగ్గా 763 చూపకపోవచ్చు, రెండూ ఒకదానితో ఒకటి కలవకపోవచ్చు. ఇందులో మోసమేమీ లేదు. కార్ల తరగతి రేడియల్ టైర్లకు వర్తించే ఐక్యరాజ్యసమితి 30వ నిబంధన ప్రకారం, గోడ ఎత్తు లెక్కకు వచ్చినదానిలో 97 శాతం నుంచి 104 శాతం వరకు ఉండవచ్చు. మన సైజులో పైగోడ, కింది గోడ కలిపి 306 మిల్లీమీటర్లు కాబట్టి, టైరు ఎత్తు 754 మొదలు 775 వరకు ఎక్కడ ఉన్నా అది 255/60 ఆర్18గానే చెల్లుతుంది. అంటే బొటనవేలి వెడల్పంత తేడాకు నిబంధనలోనే చోటు ఉంది. 31x10.50 ఆర్15 లాగా అంగుళాల్లో రాసే టైర్లయితే, కొలిచినప్పుడు 31కి పావంగుళమో అరంగుళమో తక్కువ తేలడం మామూలే.

వెడల్పు దగ్గర కొత్తవారు తరచు పొరబడతారు. నేల మీద ఆనే భాగాన్ని కొలిచి, 255 అని రాసి 210 ఇచ్చారేమిటని షాపువాళ్లతో గొడవ పడినవారిని నేను చూశాను. ఆ 255 నేలకు ఆనే భాగానిది కాదు. గోడలు బాగా ఉబ్బిన చోట ఒక అంచు నుంచి రెండో అంచుకు, అదీ నిర్ణయించిన రిమ్ము మీద తీసిన కొలత. రిమ్ము అరంగుళం వెడల్పు పెరిగితే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది.

ఇక కొలిచే పద్ధతి. టైరు ఎత్తును నిలువుగా కొలవకండి. చుట్టుకొలత తీసి 3.1416తో భాగించండి. నిబంధనలో ఉన్నదీ ఇదే పద్ధతి. చుట్టుకొలతలో 5 మిల్లీమీటర్లు తప్పినా ఎత్తులో తేడా సుమారు 1.6 మిల్లీమీటర్లే. కుట్టుపని టేపు సాగుతుంది కనుక సన్నటి ఇనుప టేపు వాడాలి. జాకీ ఎత్తి, ట్రెడ్డు, అంటే నేలకు ఆనే భాగం, నట్టనడుమ టేపు చుట్టాలి. నాలుగు టైర్లకూ కంపెనీ చెప్పిన గాలి ముందురోజే పట్టించి, రాత్రంతా వదిలేసి, ఎండెక్కకముందే మళ్లీ చూసుకోవాలి. మే నెలలో ఇక్కడ మధ్యాహ్నం కొలిస్తే ఎండ పడిన వైపు గాలి ఒకలా, నీడలో ఉన్న వైపు ఒకలా చూపుతుంది.

రెండో కొలత బండి బరువుతో తీసేది. టైరు మీద, సరిగ్గా దాని కింద నేల మీద సుద్దగీత గీసి, బండిని నెమ్మదిగా ఐదు చుట్లు ముందుకు తోయించి, గీత మళ్లీ నేలను తాకిన చోటు వరకు కొలిచి ఐదుతో భాగించాలి. బరువుకు టైరు అడుగు నొక్కుకుపోతుంది కాబట్టి ఈ అంకె చుట్టుకొలత కంటే కొంత తక్కువ వస్తుంది. బండి రోడ్డు మీద వాడుకునేది ఈ అంకెనే.

ఈ తేడాలు మామూలు కారులో పెద్దగా తెలియవు. ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు, వెనక ఇరుసులను నడుమ డిఫరెన్షియల్ (రెండు వైపులూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేకుండా నేరుగా కలిపేసే బండిలో మాత్రం తెలిసితీరతాయి. నా పాత జీపుకు ఒకసారి ముందు మాత్రమే రెండు కొత్త టైర్లు వేయించాను. సైజు అదే, కంపెనీ వేరు. అమరావతి వైపు నల్లరేగడి బురదలో ఫోర్‌వీల్ వేసి, కరకట్ట మీద తారురోడ్డెక్కాక లివరు వెనక్కి లాగితే రాలేదు. బండిని నాలుగు గజాలు వెనక్కి నడిపాకే వదిలింది. ఇంటికొచ్చి కొలిస్తే ముందు టైరు చుట్టుకొలత 2,300 మిల్లీమీటర్లు, అరిగిన వెనక టైరుది 2,265. కిలోమీటరుకు ఆరేడు చుట్లు తేడా. బురదలో టైరు జారి ఆ తేడా తీరిపోతుంది. తారు మీద జారే వీలు లేక ఆ మెలి అంతా ఇరుసులను కలిపే గేర్ల మీద పడుతుంది. షాపువాడిని తప్పుపట్టే పని లేదు, నేను అడిగిన సైజే ఇచ్చాడు.

ఒకే ఇరుసు మీద కుడి ఎడమల తేడాను డిఫరెన్షియల్ సర్దుకుంటుంది గాని, రోజంతా దానికి ఆ పని పెట్టడం మంచిది కాదు. కాబట్టి నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి, ఒకేసారి కొనండి.

వచ్చే పాఠానికి ముందు మీ బండి నాలుగు టైర్ల చుట్టుకొలతలు, చుట్టుకు నడిచిన దూరాలు ఒక కాగితం మీద రాసుకోండి. స్టెప్నీని దింపి దాన్నీ కొలవండి. వాడకపోవడం వల్ల అది కొత్తదిలాగే ఉండి, ఐదింటిలోనూ పెద్దదిగా తేలేది చాలాసార్లు అదే. ఆ అంకెలతో స్పీడోమీటరు ఎంత తప్పు చూపుతున్నదో లెక్కిద్దాం.